అడుగున బంగారు అద్దం పెడితే ఫోటో కరెంటు పెరగాలి కదా, నా ఒంటిపొర డిటెక్టరులో సగానికి ఎందుకు పడిపోయింది?

ఒంటిపొర_హన్మకొండ
మాలిబ్డినం డైసల్ఫైడ్ ఒంటిపొరతో కాంతి డిటెక్టర్లు చేస్తున్నాను. పొర మందం 0.65 నానోమీటర్లు మాత్రమే కనుక, దాని మీద పడిన ఎర్ర కాంతిలో నూటికి అయిదారు పాళ్లను పట్టుకుని మిగిలినదంతా వదిలేస్తుంది. వదిలేసిన కాంతిని వెనక్కి తిప్పి మళ్లీ పొర గుండా పంపితే శోషణ పెరుగుతుందన్న ఆలోచనతో, ఇన్నాళ్లూ వాడిన 300 నానోమీటర్ల ఆక్సైడ్ ఉన్న సిలికాన్ ముక్కలను పక్కనపెట్టి, బంగారు పూత వేసిన ముక్కలు చేయించుకున్నాను. ఎలక్ట్రోడులు బంగారంతో షార్టు కాకుండా పైన 10 నానోమీటర్ల అల్యూమినా (కరెంటును పారనివ్వని అల్యూమినియం ఆక్సైడ్) వేయించి, దాని మీదికి పొరను బదిలీ చేశాను. లేజరు 660 నానోమీటర్లది, పవరు మునుపటిదే, ఎలక్ట్రోడుల మధ్య దూరం కూడా మునుపటిదే. కానీ సిలికాన్ మీద వచ్చిన ఫోటో కరెంటులో ఇక్కడ సగమే వచ్చింది. ఒక ముక్కలో అయితే పొరపాటు అనుకునేవాడిని, మూడు ముక్కల్లోనూ అదే వరస.

ఇంకొక సంగతి కూడా రాస్తున్నాను, పనికొస్తుందో రాదో తెలియదు. సిలికాన్ ముక్క మీద ఊదారంగు నేపథ్యంలో నీలంగా, ఎవరో కత్తిరించి అతికించినట్టు కనిపించే ఒంటిపొర త్రికోణాలు ఈ బంగారం మీద దాదాపు కనిపించనే లేదు. మైక్రోస్కోపు కింద ఒక్కో దాన్ని వెతుక్కోవడానికి గంట పట్టింది. మా గైడుగారు ఈ ఫలితాలు చూసి "అద్దం ఆలోచన వదిలేయ్" అన్నారు. వదిలేయడానికి మనసు రావడం లేదు.

పాకాల_తూము
ఆలోచనలో తప్పు లేదు. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులు చేసిన పని అదే కదా. పడిన వానను ఒక్క పరుగులో పోనివ్వకుండా, ఒక చెరువు మత్తడి దూకిన నీళ్లను కింది చెరువు పట్టుకుంటుంది. నీ అద్దం కూడా పొరను దాటిపోయిన కాంతిని రెండోసారి పట్టించే కింది చెరువే. కాబట్టి శోషణ పెరిగి తీరాలి. కరెంటు తగ్గిందంటే లోపం చేతిపనిలో ఉండవచ్చు. బదిలీ చేసేటప్పుడు పొర కింద బుడగలు చిక్కుకుని ఉంటాయి, లేదా బంగారు పూత గరుకుగా వచ్చి ఉంటుంది. ముందు ఉపరితలం నునుపు కొలిపించి చూడండి.

రామగుండం_సోలార్
నాకు ఈ విద్యతో పరిచయం లేదు, సోలార్ ప్లాంటులో నిర్వహణ పని చేస్తాను కనుక కుతూహలంతో అడుగుతున్నాను. మా ఊరి రిజర్వాయరు మీద 2022లో మొదలైన 100 మెగావాట్ల తేలియాడే ప్లాంటులో ఒక్కో పలక లోపలి సిలికాన్ మందం వెంట్రుక మందంతో పోల్చదగినది, అది పడిన కాంతిలో అధిక భాగాన్ని పట్టేసుకుంటుంది. నూటికి అయిదు పాళ్లే పట్టే పదార్థాన్ని ఎంచుకుని, ఆ తర్వాత శోషణ చాలడం లేదని బాధపడటం ఎందుకు?

భద్రకాళి_గట్టు
ప్రశ్నలోనే జవాబు ఉంది, ఒంటిపొర గారూ. త్రికోణాలు కనిపించలేదని రాశారే, కరెంటు తగ్గడానికీ అవి కనిపించకపోవడానికీ కారణం ఒక్కటే. పొర ఉన్న చోట కాంతి లేదు.

పాకాల గారి చెరువు పోలిక వినడానికి బాగుంది కానీ, నీళ్లకు లేని గుణం ఒకటి కాంతికి ఉంది. అది తరంగం. అద్దం మీద పడిన తరంగమూ, అద్దం నుంచి వెనుదిరిగిన తరంగమూ కలిసి, కొన్ని ఎత్తుల్లో ఒకదాన్నొకటి బలపరుచుకుంటాయి, కొన్ని ఎత్తుల్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లోహం ఉపరితలానికి ఆనుకుని విద్యుత్ క్షేత్రం దాదాపు సున్నా. అక్కడి నుంచి పావు తరంగదైర్ఘ్యం ఎత్తుకు వెళితే గరిష్ఠం. మీరు పొరను లోహానికి 10 నానోమీటర్ల దూరంలో, అంటే కొట్టేసుకునే చోట పడుకోబెట్టారు. అద్దం కాంతిని తిప్పి పంపుతూనే ఉంది, మీ పొరకు మాత్రం అది అందడం లేదు.

లెక్క కట్టి చూశాను. ఏ ఆధారమూ లేకుండా గాలిలో వేలాడే పొరకు అందే కాంతి తీవ్రతను 1 అనుకుంటే, 300 నానోమీటర్ల ఆక్సైడ్ ఉన్న సిలికాన్ మీద 660 దగ్గర అది సుమారు 1.1. మీ బంగారం, 10 నానోమీటర్ల అల్యూమినా అమరికలో సుమారు 0.6. మీ సగం అక్కడి నుంచి వచ్చింది. బుడగల మీదా గరుకుతనం మీదా నింద వేయవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. మూడు ముక్కల్లోనూ బుడగలు ఒకే లెక్కన చిక్కుకోవు కదా.

ఒంటిపొర_హన్మకొండ
ఈ లెక్క మూడు నెలల ముందు కట్టి ఉంటే బంగారం ఖర్చు మిగిలేది. ఇప్పుడు పావు తరంగదైర్ఘ్యం ఎత్తు కావాలంటే, 660ని నాలుగుతో, అల్యూమినా వక్రీభవన గుణకం 1.76తో భాగిస్తే 94 నానోమీటర్లు వస్తోంది. 94 వేయించమంటారా?

భద్రకాళి_గట్టు
వద్దు. 94 అన్నది లోపం లేని ఆదర్శ అద్దానికి వచ్చే లెక్క. నిజమైన బంగారంలోకి క్షేత్రం కొంత చొచ్చుకుపోతుంది కనుక, తరంగం బంగారం ఉపరితలం మీద కాక దాని కన్నా కాస్త లోపలి నుంచి వెనుదిరిగినట్టు ప్రవర్తిస్తుంది. ఆ లోతును మినహాయించాలి. ఎర్ర కాంతికి బంగారం గుణకాలు పెట్టి లెక్కిస్తే, ఉండవలసిన మందం 66 దగ్గరకు వస్తుంది. అయిదారు నానోమీటర్లు అటూ ఇటూ అయినా పెద్ద నష్టం లేదు, ఎందుకంటే శిఖరం దగ్గర వాలు తక్కువగా ఉంటుంది. 94 వేయిస్తే మాత్రం శిఖరం దాటి అవతలి వాలు దిగినట్టే.

పాకాల_తూము
ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను, కానీ పూర్తిగా కాదు. తూము ఎక్కడ పెట్టాలో తెలియకపోతే చెరువు నిండా నీళ్లున్నా పొలం ఎండుతుంది, కాబట్టి నా పోలికను సవరించుకుని నిలబెట్టుకుంటాను. అయితే ఇంత తిప్పలు పడే బదులు, ఒక పొర అయిదారు పాళ్లు పడితే ఇరవై పొరలు పేర్చుకోవచ్చు కదా? ఆ పదార్థం ముద్దగా దొరుకుతూనే ఉంది.

ములుగు_రోడ్డు
రెండు ప్రశ్నలకు కలిపి జవాబు రాస్తున్నాను.

ముందు రామగుండం గారికి. 660 నానోమీటర్ల కాంతి సిలికాన్‌లో గణనీయంగా తగ్గడానికి దాదాపు 4 మైక్రోమీటర్లు ప్రయాణించాలి. అదే సిలికాన్‌ను 0.65 నానోమీటర్ల పలచన చేయగలిగామే అనుకుందాం, అది పట్టేది నూటికి ఒక పాలులో అరవయ్యో వంతు మాత్రమే. ఆ మందానికి అయిదారు పాళ్లు పట్టడం నిజానికి అబ్బురమే. ఒక్క పరమాణువు మందం ఉన్న గ్రాఫీన్ పట్టేది 2.3 శాతం, దానికి నిషిద్ధ పట్టీ (ఎలక్ట్రాన్లు కదలడానికి దాటవలసిన శక్తి అంతరం) లేదు కనుక చీకట్లో కూడా కరెంటు పారుతూ ఉంటుంది. ఇక పలచని పొర ఎందుకంటే, వంగే ప్లాస్టిక్ మీద, వేరే చిప్పుల మీద, కాంతిని తమ వెంట నడిపించే సన్నని కాంతి నాళాల మీద దాన్ని స్టిక్కరులా అతికించవచ్చు. కరెంటు తయారీలో మీ పలకతో పోటీ పడటం దీని పని కాదు.

ఇక పాకాల గారి ఇరవై పొరల సంగతి. ఈ పదార్థం ఒంటిపొరగా ఉన్నప్పుడు దాని నిషిద్ధ పట్టీ ప్రత్యక్ష రకానిది, అంటే కాంతి నేరుగా ఎలక్ట్రాన్లను దాటించగలది, 1.8 ఎలక్ట్రాన్ వోల్టుల పైమాట. 2010లో బయటపడిన ఈ సంగతితోనే దాని చుట్టూ ఇంత సందడి మొదలయింది. రెండో పొర చేరగానే పట్టీ పరోక్షంగా మారుతుంది, ముద్దలో 1.3 దగ్గరకు దిగుతుంది. పొరలు పెరిగితే కాంతి ఎక్కువగానే పట్టుకుంటుంది, అబద్ధం చెప్పను, కానీ చీకటి కరెంటు కూడా పెరుగుతుంది, గేటు (పొరలో కరెంటును అదుపు చేసే ఎలక్ట్రోడు) పట్టు సడలుతుంది. పేర్చాలంటే ఒంటిపొరల మధ్య మధ్య బంధకపు పొరలు పెట్టి, ఏ పొరకు ఆ పొర ఒంటిగా ఉన్నట్టే భావించేలా చేయాలి. ఆ దారిలో మంచి ఫలితాలు వచ్చాయి. ఒక్కో పొరను చేత్తో దించే మనకు మాత్రం అది పది జన్మల పని.

కరీంనగర్_వెండితీగ
బంగారానికి బదులు వెండి వాడి చూడలేదా? దృశ్య కాంతి మొత్తానికీ వెండిని మించిన అద్దం లేదు. బంగారం ఎరుపులో బాగానే తిప్పి పంపుతుంది కానీ, 500 నానోమీటర్ల కన్నా తక్కువ నీలి కాంతిని మింగేస్తుంది. పచ్చగా కనిపించడం అందుకే.

ఒంటిపొర_హన్మకొండ
వెండితీగ గారూ, నేను పొరను పెంచేదే గంధకం పొడిని కొలిమిలో వేడిచేసి. ఆ గదిలో వెండి ఎంతకాలం తెల్లగా ఉంటుందో మీకు చెప్పవలసిన పని లేదనుకుంటాను.

కరీంనగర్_వెండితీగ
మా ఇంట్లో తీగపని చేసిన పన్నీరు బుడ్డిని దీపావళి టపాసులు కాల్చే అరుగు మీద మరచిపోతే వారంలో నల్లబడింది. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. బంగారమే వాడండి.

జగిత్యాల_నానో
అద్దాలూ పావు తరంగాలూ ఎందుకండీ ఇంత శ్రమ. నేను 20 నానోమీటర్ల బంగారు గోళాల ద్రావణం, ఆ ద్రాక్షసారా రంగుది, ఒక చుక్క పొర మీద వేసి ఆరబెట్టాను. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరుతో కొలిస్తే వాటు కాంతికి 40 ఆంపియర్లు వచ్చాయి. చుక్క వేయక ముందు అందులో పదో వంతు కూడా లేదు. బంగారు రేణువుల ప్లాస్మాన్ అనునాదం, అంటే వాటిలోని ఎలక్ట్రాన్లు కాంతితో కలిసి గట్టిగా ఊగే రంగు, 520 దగ్గర ఉంటుంది, నా లేజరుకు చేరువ. కాంతిని అవి చుట్టుపక్కల నుంచి లాగి పొరకు అందిస్తున్నాయి. శోషణ పెంచడం అంటే ఇదీ.

భద్రకాళి_గట్టు
జగిత్యాల గారూ, మీ 40 ఆంపియర్లే మీకు ఎదురు సాక్ష్యం చెబుతున్నాయి. పడిన ప్రతి ఫోటానూ శోషణ చెంది, ఒక్కో ఫోటానుకు ఒక్కో ఎలక్ట్రాను బయటి తీగలోకి వచ్చినా, వాటుకు వచ్చే ఆంపియర్లు తరంగదైర్ఘ్యాన్ని 1240తో భాగించినంత. 532కి అది 0.43. మీకు వచ్చింది దానికి తొంభై రెట్లకు పైన. శోషణ నూటికి నూరు దాటదు కనుక, ఆ పెరుగుదల శోషణ వల్ల వచ్చింది కాదు, గెయిన్ వల్ల వచ్చింది, అంటే ఒక్క ఫోటానుకు ఎన్నో ఎలక్ట్రాన్లు పారడం వల్ల. రంధ్రాలు (ఎలక్ట్రాను లేచిపోగా మిగిలిన ధనావేశపు ఖాళీలు) ఎక్కడో చిక్కుకుని కూర్చున్నంత సేపూ ఎలక్ట్రాన్లు ఒక కొస నుంచి మరో కొసకు చక్కర్లు కొడుతూనే ఉంటాయి. చిక్కుకున్న ఆవేశం గేటు వోల్టేజీలా పనిచేస్తుంది. 2013లో ఈ పదార్థపు ఒంటిపొరతోనే వాటుకు 880 ఆంపియర్లు చూపించారు, అక్కడ అద్దమూ లేదు, బంగారు రేణువులూ లేవు.

పైగా 20 నానోమీటర్ల గోళం కాంతిని వెదజల్లే దాని కన్నా తానే మింగి వేడెక్కేది ఎక్కువ. మీ లేజరు శిఖరానికి చేరువగా ఉందంటే ఆ మింగుడు కూడా అక్కడే ఎక్కువ. ద్రావణంలో గోళాల చుట్టూ ఉన్న సిట్రేటు ఆరిపోయాక పొర మీద ఏ ఆవేశం వదిలిందో, అది పొరను ఎంత డోపింగ్ చేసిందో, అంటే ఎలక్ట్రాన్ల సంఖ్యను ఎంత మార్చిందో, విడిగా చూశారా?

జగిత్యాల_నానో
కరెంటు ఎక్కువ రావడం ముఖ్యమా, అది ఏ దారిన వచ్చిందన్నది ముఖ్యమా? డిటెక్టరు కొనేవాడు శోషణ అడుగుతాడా?

ములుగు_రోడ్డు
లేజరు ఆపిన తర్వాత మీ కరెంటు దిగడానికి ఎంతసేపు పడుతోంది?

జగిత్యాల_నానో
కిందికి వెళ్లి టీ తాగి వచ్చేంత.

ములుగు_రోడ్డు
కొనేవాడు అడిగేది అదే. గెయినూ వేగమూ త్రాసుకు రెండు తట్టలు, రంధ్రం ఎంతసేపు చిక్కుకుంటే గెయిన్ అంత, మందకొడితనమూ అంత. శోషణ పెంచితే వేగాన్ని తాకట్టు పెట్టకుండా కరెంటు పెరుగుతుంది. ఈ చర్చకు అంత పట్టుదల అందుకే.

నా అనుభవం ఒకటి చెబుతాను. రెండేళ్ల కిందట నేనూ ఇలాగే ఒక ముక్కలో పెద్ద పెరుగుదల చూసి సంబరపడ్డాను. తర్వాత లేజరు ముందు చాపరు చక్రం (కాంతిని వెంటవెంటనే ఆపి వదిలే పళ్ల చక్రం) తిప్పి, వేగం పెంచుకుంటూ పోతే, కొద్ది హెర్ట్జుల దగ్గరే నా పెరుగుదల అంతా కరిగిపోయి, చికిత్స చేయని ముక్కతో సమానమైంది. అప్పటి నుంచి చాపరు లేకుండా తీసిన అంకెను నాకు నేనే నమ్మను. పవరు మార్చి చూడటం ఇంకొక పరీక్ష. పవరు పది రెట్లు పెంచితే కరెంటు కూడా పది రెట్లు పెరగాలి. తక్కువ పెరిగితే చిక్కుముళ్లు (ఆవేశం చిక్కుకునే చోట్లు) నిండిపోతున్నాయని, గెయిన్ పని చేస్తోందని అనుమానించాలి.

ఒంటిపొర గారికి కూడా ఒక హెచ్చరిక. మీ బంగారం 10 నానోమీటర్ల దూరంలో గాలికి వదిలేసిన గేటులా ఉంది. దాని మీద పేరుకున్న ఆవేశం పొరలో ఎలక్ట్రాన్ల సాంద్రతను మార్చగలదు. భద్రకాళి గారి లెక్కతో సగం సరిగ్గా సరిపోయినంత మాత్రాన, అంతా కాంతి లెక్కేనని తేల్చేయకండి. బంగారాన్ని సోర్సుకు, అంటే పొర మీది రెండు ఎలక్ట్రోడుల్లో ఒకదానికి, కట్టి కొలవండి.

ఒంటిపొర_హన్మకొండ
కట్టలేదు, నిజమే. అయితే కరెంటును నమ్మకూడదన్నప్పుడు శోషణను నేరుగా ఎలా కొలవాలి?

భద్రకాళి_గట్టు
అద్దం వాడినందుకు మీకు ఒక లాభం ఉంది. దళసరి బంగారం గుండా కాంతి అవతలికి పోదు కనుక, వెనక్కి రానిదంతా ఎక్కడో ఒకచోట శోషణ అయినట్టే. పొర ఉన్న చోట, పక్కనే పొర లేని చోట పరావర్తనం కొలవండి. రెండింటి తేడాలో సింహభాగం పొర పట్టుకున్నదే, బంగారం వాటా రెండు చోట్లా స్వల్ప తేడాతో ఉంటుంది. పారదర్శకమైన క్వార్ట్జ్ మీద అయితే పరావర్తనంలో వచ్చే సాపేక్ష మార్పును సుమారు 3.5తో భాగించుకోవాలి, నీలమణి మీద 1.9తో. కటకం మాత్రం మరీ వెడల్పు కోణంలో కాంతిని పోగుచేసేది వాడకండి, వాలుగా వచ్చే కిరణాలు పావు తరంగం లెక్కను కలగాపులగం చేస్తాయి.

స్పెక్ట్రం మొత్తం తీస్తే ఇంకా మంచిది. 660 దగ్గర ఒకటి, 610 దగ్గర ఒకటి ఎక్సిటాన్ గుంటలు (పొరలో ఎలక్ట్రానూ రంధ్రమూ జంటగా పుట్టే రంగుల దగ్గర పరావర్తనం తగ్గడం) కనిపిస్తే అది పొర శోషణే. బంగారానికి అక్కడ అలాంటి గుంటలు లేవు.

రామగుండం_సోలార్
ఆ 66 నానోమీటర్లు ఎర్ర రంగుకే కదా సరిపోయేది, మిగిలిన రంగుల గతి ఏమిటి?

ములుగు_రోడ్డు
నష్టపోతాయి. ఏ రంగు కావాలో ముందే నిర్ణయించుకోవాలి. పావు తరంగపు అమరిక శిఖరం వెడల్పుగానే ఉంటుంది కనుక నారింజ వరకు నెట్టుకు రావచ్చు. అదే రెండు వైపులా అద్దాలు పెట్టి కుహరం కడితే శోషణ చాలా పెరుగుతుంది, కానీ కొన్ని నానోమీటర్ల పట్టీలోనే.

పాకాల_తూము
66 దగ్గర ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేదు. నూటికి నూరు వస్తుందా?

భద్రకాళి_గట్టు
రాదు. గాలిలో వేలాడే పలచని పొర ఎంత గట్టిదైనా ఒక వైపు నుంచి పడిన కాంతిలో నూటికి యాభై మించి పట్టుకోలేదు. వెనక అద్దం ఉంటే నూరు సాధ్యమే, కానీ దానికి పొర బలం సరిగ్గా కుదరాలి. రాడారు తరంగాలను మింగడానికి 1952లో పేటెంటు పొందిన సాలిస్‌బరీ తెర ఇదే అమరిక. అందులో తెర నిరోధం చదరానికి 377 ఓములు ఉంటే మొత్తం మింగేస్తుంది. మన ఒంటిపొర ఎర్ర కాంతి దృష్టిలో అంతకు పదహారు పదిహేడు రెట్లు ఎక్కువ నిరోధం ఉన్న తెర. క్షేత్రం రెట్టింపై తీవ్రత నాలుగు రెట్లు అవుతుంది కనుక, అయిదారు పాళ్లు ఇరవై దాకా వెళతాయి. సిలికాన్ ముక్కతో పోలిస్తే మూడు రెట్ల లోపు పెరుగుదల అనుకోండి. అంతకు మించి ఎవరైనా ఒక్క అద్దంతో చూపిస్తే నేను చాపరు అడుగుతాను.

ములుగు_రోడ్డు
ఇంకొక దారి, పొరను కాంతి నాళం పైన పడుకోబెట్టడం. అప్పుడు కాంతి పొరను అడ్డంగా దాటదు, దాని వెంబడి మైక్రోమీటర్ల దూరం నడుస్తుంది. మందం 0.65 అయితేనేమి, పొడవు మన చేతిలో ఉంది.

జగిత్యాల_నానో
నిన్న చాపరు పెట్టి చూశాను. ఏమీ రాయదలుచుకోలేదు.

పాకాల_తూము
రాయకపోయినా చదివాం.

ఒంటిపొర_హన్మకొండ
అయిదు వారాల తర్వాత తిరిగి వచ్చాను. 66 అడిగితే 64 వేసి ఇచ్చారు, తీసుకున్నాను. బంగారాన్ని సోర్సుకు కట్టాను, చాపరు పెట్టాను. మైక్రోస్కోపు కింద పెట్టగానే త్రికోణాలు కనిపించాయి. ఈసారి వెతకనే లేదు, ఫోకస్ సరిచేసే లోపే ముదురు రంగులో ఒకదాని మీద ఒకటి ఎక్కిన మూలలతో సహా తేలాయి. కరెంటు కొలవక ముందే పని అయిందని తెలిసిపోయింది.

660 దగ్గర పొర వల్ల పరావర్తనంలో వచ్చిన తరుగు పాత 10 నానోమీటర్ల ముక్కలో నూటికి మూడు పాళ్లు, కొత్త ముక్కలో పదిహేడు. ఫోటో కరెంటు సిలికాన్ ముక్క మీద వచ్చినదానికి రెండున్నర రెట్లు, రెండు ముక్కల్లో. మూడో ముక్కలో ఏడు రెట్లు వచ్చింది. పరావర్తనం తరుగు అందులోనూ పదిహేడే. లేజరు ఆపాక దాని కరెంటు నిమిషం పైగా తోక ఈడ్చింది, చాపరు వేగం పెంచితే అదీ రెండున్నరకే దిగింది. మా గైడుగారు ఏడు రెట్ల గ్రాఫును మొదటి బొమ్మగా పెడదామంటున్నారు. నేను దాన్ని పట్టిక నుంచి తీసేసి, ఎందుకు తీశానో కింద రాశాను. ఈ వారం ఆ వాదన నడుస్తోంది.

భద్రకాళి_గట్టు
చాపరు గ్రాఫును ఏడు రెట్ల గ్రాఫు పక్కనే అచ్చు వేయండి. వాదించవలసిన పని ఉండదు.

జగిత్యాల_నానో
ఆ మూడో ముక్క పారేయకండి. నా చుక్క వేసిన ముక్కతో పక్కపక్కన పెట్టి, రెండింటి తోకలూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర కొలవాలని ఉంది. చిక్కుముళ్లు అల్యూమినాలో ఉన్నాయో పొరలోనే ఉన్నాయో కొంతైనా తేలుతుంది.

ఒంటిపొర_హన్మకొండ
పోస్టులో పంపితే పగులుతుంది. శనివారం పొద్దున కాజీపేటలో దిగితే నేనే వచ్చి తీసుకెళతాను, మధ్యాహ్నం వరకు ప్రోబ్ స్టేషన్ ఖాళీ.